ఎవడండీ చేసింది ఈ పని

ఫోన్ తెర మీద ఆ చిన్న పసుపు బండి పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, అది నిజంగా తిరగడం లేదని ఆమెకి తెలుసు, ఎందుకంటే ఆ బండిని తిప్పేది ఆమే. అంటే ఆమె రాసిన కోడు. ప్లంబర్ ఎక్కడో టీ తాగుతూ ఆగిపోయినా తెర మీద బండి మాత్రం ఆగకూడదు, ఆగితే జనం కంగారుపడి రద్దు చేసేస్తారు, కాస్త కదులుతున్నట్టు నటింపజెయ్యి అని ఆఫీసులో పైవాళ్ళు అడిగితే, చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక మధ్యాహ్నం హాయిగా రాసిచ్చింది. ఇప్పుడు తన వంటింట్లో, గాలి తప్ప ఏమీ రాని కుళాయి పక్కన నిలబడి, తను చెప్పిన అబద్ధాన్ని తనే నమ్మడానికి నానా తంటాలు పడుతోంది. మీ ప్లంబర్ దారిలో ఉన్నారు, అంటోంది తెర. ఆ వాక్యమూ తనదే. 'ఉన్నాడు' అనాలా 'ఉన్నారు' అనాలా అని దాని మీద పెద్ద మీటింగే పెట్టారు, 'డు' అంటే మర్యాద తక్కువ, 'రు' అంటే కస్టమర్ కంటే పెద్దవాడైపోతాడు అని ఒకడు వాదించాడు, చివరికి 'రు' గెలిచింది, అందరూ చప్పట్లు కొట్టి భోజనానికి వెళ్ళారు. ఆ రాత్రి నాన్నతో చెప్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "జీతం ఇస్తారా దీనికి?" అని అడిగాడు.

అప్పటికి ఆయన దగ్గర ఇంకా మాటలు ఉన్నాయి.

లోపలి గదిలోంచి "ఎవడండీ" అని వినిపించింది. దాహం. కాదు, దాహమైతే చివర కాస్త సాగుతుంది, ఇది తెగినట్టుగా ఉంది, ఫ్యాను అయ్యుంటుంది. వెళ్ళి ఫ్యాను ఒక పాయింటు తగ్గించింది, ఆయన కళ్ళు మూసుకున్నాడు, అంటే అదే. నాన్నకి మిగిలింది ఆ ఒక్క మాటే. మెదడులో నరం చిట్లిన రోజున మాటలన్నీ సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చేసి పోయాయి, ఇది ఒక్కటే మూలన మర్చిపోయిన చీపురులా ఉండిపోయింది. ఆకలికీ అదే, నొప్పికీ అదే, కిటికీ వెయ్యమన్నా అదే. కొందరికి అలా ఒక మాట మిగిలిపోతుందమ్మా, అంది మాటలు నేర్పించే డాక్టరమ్మ, ఒకాయనకి 'సర్లే' మిగిలింది, ఒకావిడకి మనవరాలి ముద్దుపేరు మిగిలింది, అదే ఎందుకో చెప్పలేం. మనం మొదలు అందించాలి, తర్వాత ఆగాలి, మిగతాది ఆయన పూర్తి చేస్తారు. సగం అని ఆగడం నేర్చుకోండి. ఆగడమే మందు. అది విని ఇంటికొచ్చి, ఆమె నాన్న మంచం పక్కన కూర్చుని 'నీ...' అని ఆగేది, 'ళ్ళు' వస్తుందేమోనని. 'అమ్...' అని ఆగేది. ఏదీ వచ్చేది కాదు. ఒకసారి విసుగొచ్చి 'ఎవ...' అని ఆగింది, వెంటనే 'డండీ' అన్నాడు, అని, తనే ఏదో పెద్ద పని చేసినట్టు వంకర పెదవితో నవ్వాడు. అప్పటినుంచీ అది వాళ్ళిద్దరి ఆట అయిపోయింది. పొద్దున లేవగానే ఎవ, డండీ. పడుకునేముందు ఎవ, డండీ. అత్త చూడ్డానికొచ్చి మంచం మీదికి వంగి, "అన్నయ్యా, నేను, నీ చెల్లెల్ని" అంటే ఆవిణ్ణీ "ఎవడండీ" అనే అన్నాడు. "ఆడదాన్ని పట్టుకుని ఎవడండీ ఏంటే, అంత మర్చిపోయాడా నన్ను" అని అత్త ముక్కు చీదుకుంది. మర్చిపోలేదత్తా, పలకరించాడు, అంటే, "పలకరింపా! బాగున్న రోజుల్లో మాత్రం ఏం గొప్పగా పలకరించాడులే" అని ఆ ఏడుపులోనే నవ్వేసింది.

అదే ఎందుకు మిగిలిందో డాక్టరమ్మ చెప్పలేదు గానీ ఆమె చెప్పగలదు. ఎవడండీ చేసింది ఈ పని? నాన్నా ప్లంబరే, ఎవరింట్లో గోడ పగలగొట్టినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట. ఆయనదనే కాదు, ఆ వృత్తిలో ఉన్న ప్రతివాడిదీ అదే మాట, ఇంకొకడు వేసిన పైపు కంటబడితే ఆవలింత వచ్చినంత సహజంగా వచ్చేస్తుంది. 'ఎవడు' అన్నది ఆ పని చేసి వెళ్ళిపోయినవాడికి, 'అండీ' అన్నది ఎదురుగా కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఇంటావిడకి. సగం తిట్టు, సగం మర్యాద, మధ్యలో అతుకు కనపడకుండా బిగించిన మాట. బళ్ళో ఉత్వసంధికి ఉదాహరణ చెప్పమంటే ఆమె లేచి 'ఎవడు ప్లస్ అండీ, ఎవడండీ' అంది, తెలుగు టీచరు బయట నిలబెట్టింది, సంధి తప్పని కాదు, నవ్వు వచ్చిందని. నాన్న అది విని ఎంత పొంగిపోయాడో. తన మాటకి వ్యాకరణం ఉందని ఆయనకి అంతవరకూ తెలీదు.

ఇల్లు చూడకముందే వయసు అడిగేవాడు. కొత్త ఇల్లయితే పసిపిల్లే, ఎందుకు ఏడుస్తోందో చెప్పదు, మనమే వెతుక్కోవాలి. పాత ఇల్లయితే ముసలావిడ, ఇక్కడ ముట్టుకుంటే అక్కడ నొప్పంటుంది, మాటల్లో పెట్టి నెమ్మదిగా చూడాలి. హోటలు నడివయసు మగాడు, పైకి ఇస్త్రీ చొక్కా, లోపల కాలవల నిండా కొవ్వు. బట్టలుతికే షాపుకి దగ్గు, ఎప్పుడూ గొంతులో పీచు. పళ్ళ డాక్టరు క్లినిక్కు కొత్తపెళ్ళికూతురు, అంతా తళతళ, ఏదీ గట్టిగా ముట్టుకోకూడదు. ఇవన్నీ అన్నం తింటూ చెప్పేవాడు, అమ్మ మజ్జిగ పోస్తూ, "మరి మనిల్లు ఏంటో?" అని అడిగేది. ఆయన తల దించుకునేవాడు. వాళ్ళింట్లో అప్పుడు వంటింటి సింకు కింద ఒక బకెట్టూ, ఆ బకెట్టు కింద ఒక పళ్ళెమూ ఉండేవి. "మనిల్లు ప్లంబరు పెళ్ళాం" అనేది అమ్మే, "ఏమడిగినా వచ్చే ఆదివారం."

పసుపు బండి ఇప్పుడు స్కూలు వీధిలోకి వచ్చింది. నిజంగానే వచ్చిందేమో. ఆమె గ్లాసులో నీళ్ళు పట్టబోయి, మెయిను కట్టేసింది తనేనని గుర్తొచ్చి, ముందే నింపి పెట్టుకున్న బిందెలోంచి ముంచుకుంది. ఇప్పటికైనా రద్దు నొక్కొచ్చు. నొక్కితే 'దయచేసి కారణం చెప్పండి' అని అడుగుతుంది, అదీ తను రాసిందే, కింద నాలుగు కారణాలు ఉంటాయి, వాటిలో ఒక్కటీ తనది కాదు. గోడ పగలగొడితే లోపల మా నాన్న ఉన్నాడు అనే కారణం ఎవరు పెడతారు.

బాత్రూముకీ నాన్న గదికీ మధ్య గోడ ఒకటే. వానాకాలం ముందు మంచం పక్కన గోడ మీద చిన్న మచ్చ, అరిచేతంత. తర్వాత పళ్ళెమంత. ఇప్పుడు సున్నం పొంగి, పెచ్చులూడి, తడిసిన రొట్టెలా ఉంది, గదంతా పచ్చి వాసన, నాన్న ఛాతీలో పిల్లికూతలు. గోడ పొడిగా లేకపోతే ఊపిరితిత్తులు పోతాయన్నాడు ఛాతీ డాక్టరు. మంచం జరుపుదామంటే జరపడానికి ఇంకో గోడ లేదు, ఇల్లే అంత. పగలంతా ఆయన ఆ మచ్చకేసి చూస్తూ ఉంటాడు. పనిచేసే ఎడమ చెయ్యి ఎత్తి దాని మీద ఆనించి, జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు ఉంచుతాడు. ఏం కారుతోందో, ఎక్కడ కారుతోందో, ఎందుకు కారుతోందో ఆయనకి తెలుసు. చెప్పలేడు. ఆమెకీ తెలుసు. ఆమె చెప్పలేదు.

బుకింగు పేజీలో 'మీ భవనం వయసు' అని ఒక ప్రశ్న ఉంటుంది. అది నాన్న దగ్గర ఎత్తుకొచ్చిందే. కొత్తది, మధ్యరకం, పాతది. దేన్ని నొక్కితే దానికి తగ్గ ప్లంబర్ని పంపుతారు. "ఇంటి వయసు ఇంట్లోవాళ్ళనడిగితే ఏం తెలుస్తుందే, గోడనడగాలి గానీ" అన్నాడు నాన్న, అప్పుడు నాలుగోది కూడా చేర్చింది, 'తెలియదు' అని. ఎక్కువమంది నొక్కేది దాన్నే. ఏళ్ళ తరబడి ఉంటున్న ఇంటి గురించి అంతమందికి ఏమీ తెలియకపోవడం చూసి ఆఫీసులో తెగ నవ్వుకునేవాళ్ళు. నిన్న తన వంతొచ్చింది. ఆ గోడ వయసు ఆమెకి తెలిసినంతగా ఇంకేదీ తెలియదు. వేలు కాసేపు గాల్లో ఆడించి, 'తెలియదు' నొక్కింది.

ఆ గోడలోకి పైపులు వెళ్ళింది అమ్మని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన వారం. ఇంక అక్కడ చేసేదేమీ లేదన్నారు. అమ్మ ఒకటే అడిగింది, వేణ్ణీళ్ళు, తల మీంచి పడేలా వేణ్ణీళ్ళు, ఆసుపత్రి కంపు పోయేలా. అంతవరకూ స్టవ్వు మీద కాచి బకెట్లో తోడుకునేవాళ్ళు, అమ్మకి వంగే ఓపిక లేదు. వచ్చే ఆదివారం అనలేదు నాన్న. ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. ఎవరో మార్చేసిన పాత గీజరు అటక మీద ఉంది, పైపులకే దుకాణాలు మూసేశారు. మంచం కింద పెట్టెలో ఊళ్ళో ఇళ్ళన్నిటి మిగులూ ఉండేది, దాన్నే బోర్లించాడు. ఎక్కడో కూల్చేసిన పాత మేడలోంచి వచ్చిన ఇనప పైపు, పళ్ళ డాక్టరు క్లినిక్కులో మిగిలిన రాగి ముక్క, కొత్త అపార్టుమెంట్లవాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్కు వంపులు, హోటలు వంటగది నుంచి ఒక వాల్వు. ఒక్కొక్క దాన్నీ ఎత్తి చూసి, నోట్లోనే కొలతలు గొణుక్కుంటూ, ఒకదాని వయసు ఒకదానికి కలవనివాటిని వరసగా బిగించుకుంటూ పోయాడు. ఇనుముకి రాగి తిన్నగా కలపకూడదు, కలిపితే ఇనుము లోపల్లోపలే తినేసుకుపోతుంది, ఇదే తప్పుకి ఊళ్ళో ఎంతమందిని ఎవడండీ ఎవడండీ అని ఉతికాడో. కలిపాడు. "టెంపరరీ" అన్నాడు ఆమెకేసి చూడకుండా, "మీ అమ్మ కాస్త కోలుకోగానే విప్పి సరిగ్గా వేస్తా." షవరు కింద ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుంది. నీళ్ళు వేడిగా, ఆవిర్లతో, జుట్టు ఊడిపోయిన నెత్తి మీంచి పడ్డాయి. "ఎవడండీ చేసింది ఈ పని!" అంది అమ్మ, కళ్ళు మూసుకుని, పాట అందుకున్నట్టుగా. తలుపవతల నాన్న గోడకి ఆనుకుని కూర్చుని, రెంచి ఒళ్ళో పెట్టుకుని, శబ్దం రాకుండా ఏడ్చాడు.

అమ్మ కోలుకోలేదు. అది విప్పనూ లేదు. కర్మకాండలన్నీ అయ్యాక ఒకరోజు పైపుల మీద సిమెంటు మెత్తి, ఎవరింట్లోనో మిగిలిన నీలం పలకలు అతికించి మూసేశాడు, మిగతా గోడ తెల్లది, ఆ ఒక్క చోటే నీలం. ఎప్పుడైనా ఆమె అడిగితే, "కారట్లేదు కదా" అనేవాడు.

ముందే చెప్పేస్తే? రాగానే, గుమ్మంలోనే. చూడండి, లోపల ఉన్నది మా నాన్న చేసింది, ఆయనా మీ వృత్తే, లోపలే ఉన్నారు, వింటారు, ఏమీ అనకండి. అంటే అతను ఏమీ అనడు. బాగా చేశారండీ పెద్దాయన అంటాడు. ఆ మాట కూడా గోడలోంచి వినిపిస్తుంది. అబద్ధపు మెప్పు నాన్నకి తెలీదా, ఎన్ని గోడలు వినుంటాడు. పోనీ ఆయన్ని ఏ పార్కుకో తీసుకెళ్తే, చక్రాల కుర్చీ, మెట్లు, ఎత్తడానికి ఇద్దరు, ఆ ఛాతీతో. పోనీ రేడియో గట్టిగా పెడితే. పెట్టింది. ఎవరో వాతావరణం చెప్తున్నారు. లోపల్నుంచి "ఎవడండీ" అన్నాడు, విసుగ్గా. కట్టేసింది.

గంట మోగింది. తెర మీద బండి ఇంకా స్కూలు వీధిలోనే ఉంది.

ప్లంబర్ నడివయసు మనిషి, గుమ్మంలోనే చెప్పులు విడిచి, వాటిని కాలితోనే ఒక పక్కకి సర్దాడు. "ఏది మేడమ్?" అన్నాడు. ఆమె చూపించింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. "లోపల నాన్నగారు పడుకున్నారండీ, ఒంట్లో బాలేదు, కాస్త చప్పుడు తక్కువ..." అంది. "గోడ మాట వింటే నాకేం మేడమ్, మెత్తగానే కొడతా" అన్నాడతను. మంచివాడు. అదే ఆమెకి నచ్చలేదు. వెధవ అయితే బాగుండేది, వెధవ ఏమన్నా వెధవే కదా అనుకోవచ్చు. అతను నీలం పలకల మీద వేళ్ళ కణుపులతో కొట్టుకుంటూ, తల వంచి వింటూ పోయాడు. నాన్న కూడా అంతే, పిల్లల కడుపు చూసే డాక్టరులా. టక్ టక్ టక్, డబ్. "ఇక్కడ" అన్నాడు.

సుత్తి పడ్డప్పుడల్లా ఆమె భుజాలు కాస్త పైకి లేస్తున్నాయి. అవతల గదిలో ఛాతీ పిల్లికూతలు కూడా వినపడటం లేదు. నీలం ముక్కలు నేల మీద పడుతున్నాయి. అనడేమో. అందరూ అనరేమో. ఈ తరం వాళ్ళు అనరేమో, యాప్‌లో చేరేటప్పుడు ఇచ్చిన శిక్షణలో ఉంది కూడా, పాత పనిని విమర్శించరాదు అని, ఆ పేజీ తనే కదా పెట్టింది, చదివే ఉంటాడు, ఎవరూ చదవరు, తనే చదవలేదు. సిమెంటు పెద్ద పెచ్చుగా ఊడింది. అతను సుత్తి దించాడు. టార్చి వెలిగించి, పై నుంచి కిందికి, నెమ్మదిగా, వెలుగుని నడిపించాడు. ఇనుము, రాగి, ప్లాస్టిక్కు, హోటలు వాల్వు. రాగి దగ్గర ఇనుము తుప్పు పట్టి, పుండులా పొంగి, చెమ్మగా మెరుస్తోంది. ఒక్క క్షణం గోడంతా అమ్మే అనిపించింది, నోరు తెరిచి పడుకున్న అమ్మ.

"ఎవడండీ చేసింది ఈ పని?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోగా, గోడవతల నుంచి, గట్టిగా, స్పష్టంగా, నరం చిట్లక ముందు ఎలా ఉండేదో అలాంటి గొంతుతో వచ్చింది, "ఎవడండీ!"

దాహం కాదు. ఫ్యాను కాదు. బళ్ళో హాజరు పిలిస్తే పలికినట్టు.

ప్లంబర్ నవ్వాడు. "చూశారా మేడమ్, పెద్దాయనకీ అదే డౌటు." టార్చి ఇంకా గోడలోనే ఉంది. "ఎవరు చేశారు, మీకు తెలుసా?"

"తెలీదండీ" అంది ఆమె. ఎంత తేలిగ్గా వచ్చిందో. వేలు దాని మీద నిన్నట్నుంచీ ఉన్నట్టే. "మేం వచ్చేసరికే అలా ఉంది."

అని ఆగింది. ఆగడమే మందు. అవతలి గది కూడా ఆగింది. నాన్నని కాపాడదామనే అంది, పేరు చెప్పకపోతే తిట్టు ఎవరికీ తగలదని, గాల్లో పోతుందని, అంతే, ఇంకేం లేదు, సిగ్గుపడి కాదు, ఇతని ముందు సిగ్గెందుకు, సిగ్గుపడిందా. ప్లంబర్ గోడలోకి ఇంకా వంగాడు. "ఎవడో గానీ" అంటున్నాడు తనలో తనే, "చెయ్యి తిరిగినోడే మేడమ్. ఇనప్పైపుకి మర చుట్లు ఎంత నీటుగా కోశాడో చూడండి, ఇప్పుడెవరు కోస్తారిలాగ. మరి ఇంత తెలిసినోడు తెచ్చి తెచ్చి రాగిని ఇనుముకి కలపడమేంటి. తెలీక కాదిది. ఏదో కంగారులో ఉన్నాడు పాపం." ఇప్పుడు చెప్పొచ్చు. ఇప్పుడు చెప్తే బాగుంటుంది, మా నాన్నండీ, మా అమ్మ కోసం. కానీ ఒకసారి తెలీదన్నాక తెలుసనడానికి మధ్యలో ఒక ముక్క కావాలి, రెండిటికీ సరిపోయేది, ఏ పెట్టెలోనూ అది ఆమెకి కనపడలేదు. "కొత్తగా వేసెయ్యండి, మొత్తం" అంది.

"ఈ సామాను?"

"తీసెయ్యండి."

గదిలోకి వెళ్ళింది. నాన్న మచ్చకేసి చూడటం లేదు. చెయ్యి గోడ మీంచి తీసేసి దుప్పటి మీద పెట్టుకున్నాడు, అరచెయ్యి పైకి. అవతల రంపం ఇనుము మీద కదులుతుంటే గోడంతా పన్ను తీస్తున్నట్టు సన్నగా వణుకుతోంది. "దొరికింది నాన్నా" అంది ఆమె, అనవసరంగా హుషారుగా, "సాయంత్రానికి అయిపోతుందట. ఇంక దగ్గు తగ్గిపోతుంది." గ్లాసు అందించింది. తాగాడు. గ్లాసు తీసుకుని ఆగింది. మామూలుగా తాగాక అంటాడు. దిండు సర్దింది, ఆగింది. ఫ్యాను పెంచి, తగ్గించి, మళ్ళీ పెంచింది. ఏమీ అనలేదు.

మంచం అంచున కూర్చుని, ఆయన మొహం దగ్గరికి వంగి, పొద్దున ఆడే ఆటలాగే, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఎవ..." అంది.

ఆగింది.

ఆయన ఆమెకేసి చూశాడు. నుదుటి నుంచి మొదలుపెట్టి, కళ్ళ దగ్గర ఆగి, ముక్కు, పెదవి, గడ్డం దాకా, పై నుంచి కిందికి, నెమ్మదిగా, ఎవరింట్లోనో పగలగొట్టిన గోడలోకి టార్చి వేసి చూసినట్టు చూశాడు, ఏది దేనికి కలిసిందో, ఎక్కడ తుప్పు తినేసిందో, ఎంత కంగారులో బిగించారో అంతా కనపడుతున్నట్టు చూశాడు. ఆమె ఇంకా ఆగే ఉంది. ఆయన పెదవులు కదల్లేదు.